నాలుగువందల పన్నెండు గెంతులు

సోమవారం పొద్దున్న పది గంటలకు మైలపల్లి పైడిరాజు ఎడమ మోకాలిలో మిగిలినవి నాలుగువందల పన్నెండు గెంతులు. ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరం. ఆ ఇద్దరిలో పైడిరాజు లేడు.

లెక్క కట్టిన యంత్రం నాది. విన్న పెద్దమనిషి విశాఖ కెరటాలు బాస్కెట్‌బాల్ జట్టు మేనేజరు సన్యాసిరావు గారు. ఆయన నా చేతిలోని ట్యాబు వైపు చూసి, కిటికీలోంచి సముద్రం వైపు చూసి, చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగేశారు.

"నాలుగువందల పన్నెండంటే ఎన్ని ఆటలమ్మా హైమవతీ?"

"ఆటకి నూరు గెంతులు వేసుకోండి. నాలుగు ఆటలు. అయిదో ఆటలో ఎప్పుడో తెగుతుంది."

"తెగితే మళ్లీ ఆపరేషనేనా?"

"ఆ మోకాలికి మూడు అయ్యాయి కదండీ. ఈసారి తెగితే డాక్టర్లకి కుట్టడానికి కూడా ఏం మిగలదు."

ఆయన లేచి తలుపు వేసి వచ్చారు. "శుక్రవారం సాయంత్రం అయిదింటితో ఆటగాళ్ల మార్పిడికి గడువు అయిపోతుంది. జలంధర్ జట్టు వాళ్లు పైడిరాజుని ఇమ్మంటున్నారు. బదులుగా హర్జోత్ అని ఇరవై రెండేళ్ల ఆటగాణ్ని ఇస్తారట. ఒంటి మీద ఒక్క కుట్టు లేదు. నువ్వు చెప్పు, ఇచ్చేద్దామా?"

"ముందు వాళ్లకి ఈ అంకె చెప్పాలి కదండీ."

"ఎందుకు చెప్పాలి? ఆపరేషన్ల కాగితాలన్నీ ఇస్తున్నాం. నీ యంత్రం ఇంకా ప్రయోగంలోనే ఉందని నువ్వే రాసిచ్చావు. ప్రయోగంలో ఉన్నదాని మాట పట్టుకుని మనిషి బతుకు తేల్చేస్తామా?" అని, గొంతు తగ్గించారు. "వాడి మేలు కూడా చూడమ్మా. జలంధర్ వాళ్లు మూడేళ్ల ఒప్పందం రాస్తున్నారు. నడుమ మోకాలు పోయినా ఒప్పందం పోదు. ఇక్కడుంటే మార్చి నెలతో ఒప్పందం సరి. ఆ పైన వాణ్ని ఎవరు తీసుకుంటారు?"

అబద్ధం చెప్పే మనిషి నిజం కూడా చెబుతూ ఉంటే ఆయనతో వాదించడం చాలా కష్టం. అంకె ఆ గది దాటకూడదని ఆయన అన్నప్పుడు నేను తల ఊపాను. ఊపినందుకు మెట్లు దిగేలోపే నా మీద నాకు చిరాకు వేసింది.

*

నేను డాక్టర్ని కాను. ఈ ఉద్యోగానికి ముందు పదకొండేళ్లు పోర్టులో క్రేన్ల ఇనుప తాళ్లు పరీక్షించేదాన్ని. తాడు ఒక్కసారిగా తెగదు. లోపల పోగులు ఒక్కొక్కటే పుటుక్కుమంటాయి. ఆ చప్పుడు మన చెవికి ఆనదు. దాన్ని పట్టి, లెక్కపెట్టి, ఇంకెన్ని బరువులు ఎత్తాక తాడు తెగుతుందో చెప్పే పరికరం ఒకటి తయారు చేశాను. మోకాలి నరం కూడా పోగుల కట్టే కదా అని నాకు తోచింది. ఆ ఆలోచనే నన్ను క్రేన్ల దగ్గర్నుంచి ఆటగాళ్ల దగ్గరికి తీసుకొచ్చింది.

బొటనవేలి గోరంత అతుకు మోకాలి చిప్ప కింద అంటిస్తే రెండు మూడు రోజులు ఊడదు. అది విన్నది నా ట్యాబుకి చెబుతుంది. రెండు సీజన్లలో ఆరుగురికి నరాలు తెగితే, అయిదుగురి విషయంలో నా యంత్రం వారం ముందే చెప్పింది. దాంతో నా తల కొంచెం తిరిగిన మాట వాస్తవం. నేను మనుషుల్ని అడగడం మానేసి యంత్రాన్ని అడగడం మొదలుపెట్టాను. అతుకులు నాలుగే ఉండేవి కాబట్టి ఒక్కొక్కరికి చెడ్డ కాలికి మాత్రమే పెట్టేవాళ్లం.

పైడిరాజుకి చెడ్డ కాలు ఎడమది. మనిషి ఆరడుగుల తొమ్మిది అంగుళాలు, ముప్పై ఒక్క ఏళ్లు, జాలరిపేట వాడు. జట్టులో ఎనిమిదేళ్లుగా ఉన్నాడు గానీ ఒక్క సీజను కూడా పూర్తిగా ఆడలేదు. మోకాలు, మడమ, వేలు, మళ్లీ మోకాలు. అభిమానులు ముద్దుగా గాజురాజు అని పేరు పెట్టారు. ఓడిన రోజున అదే పేరు ముద్దు లేకుండా అరిచేవారు.

అతనికో అలవాటు ఉంది. సాధన అయిపోయాక ఎవరి దారిన వాళ్లు పోతుంటే, తను రింగు కింద నిలబడి తన వయసెంతో అన్నిసార్లు గెంతి రింగుని ముట్టుకుంటాడు. ఇరవై మూడో ఏట మొదలుపెట్టాడట. ఏటా ఒకటి కలుపుతాడు. ఇన్నాళ్లూ నేను దాన్ని నవ్వుతూ చూసేదాన్ని. మంగళవారం చూడలేకపోయాను.

పధ్నాలుగు, పదిహేను. నా ట్యాబులో అంకె తగ్గుతోంది. మూడువందల ఎనభై తొమ్మిది. ఎనభై ఏడు. మనిషి ఊరికే, సరదాకి, తన చివరి గెంతుల్ని రింగుకి ఇచ్చేస్తున్నాడు. ఇరవై రెండో గెంతు దగ్గర "ఇక చాలు రాజూ, ఆపు" అని అరిచాను. ఖాళీ హాల్లో ఆ అరుపు నాకే వింతగా వినిపించింది.

అతను ఆగి, జెర్సీతో మొహం తుడుచుకుని నా దగ్గరికొచ్చాడు. "ఏటయ్యింది మేడమ్? సోమారం కాడ్నుంచీ సూత్తన్నాను, మీరు నా మొకం సూడ్డం మానీసి మోకాలు సూత్తన్నారు. ఏటో ఉంది. సెప్పీయండి."

చెప్పేశాను. అంకె, జలంధర్, మూడేళ్ల ఒప్పందం, శుక్రవారం గడువు, సన్యాసిరావు గారి మాట, అన్నీ. అతను నేలమీద కూర్చుని కాళ్లు చాపుకుని విన్నాడు.

"మూడొందల ఎనభయ్యా," అని నవ్వాడు. "బడి సెలవుల్లో ఒక్క రోజులో గెంతీసీవోణ్ని."

"జలంధర్ వాళ్లకి తెలీదు. వెళ్లాలో వద్దో నీ ఇష్టం. వాళ్లకి చెప్పాలో వద్దో కూడా నీ ఇష్టం. నీకు తెలియకుండా జరగకూడదని మాత్రమే నేను చెప్పాను."

అతను ఎడమ మోకాలి తొడుగు మీద అరచెయ్యి పెట్టుకున్నాడు.

"ఒక్క యాడాది మేడమ్," అన్నాడు చివరికి. "ఎనిమిదేళ్లలో ఒక్క యాడాది, మొదటి ఆట కాడ్నుంచి ఆకరాట దాకా ఆడాల. నాకింకేటీ ఒద్దు. అక్కడ నన్ను గాజురాజు అనీవోడు ఉండడు. ఈ మూడొందల ఎనభైతో యాడాది ఆడొచ్చా?"

"రాదు."

"ఎడం కాలు మీద గెంతకుండా ఆడితే? కుడికాలు మీద లెగిసి, కుడికాలు మీదే దిగితే? అప్పుడు లెక్క తగ్గదు కదా?"

నేను ఇంజనీర్ని. అడిగినదానికి సరైన జవాబు చెప్పడం నా వృత్తి. "ఎడమ కాలి మీద బరువు పడకపోతే లెక్క తగ్గదు," అన్నాను.

ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. అప్పుడు మాత్రం అతని మొహం వెలిగింది, నాకూ తేలికనిపించింది.

"అయితే నడుస్తాది," అని లేచాడు. మిగతా తొమ్మిది గెంతులూ కుడికాలి మీద గెంతాడు.

*

బుధవారం ఆటకి జలంధర్ వాళ్ల మనుషులు ఇద్దరు వచ్చి మూడో వరసలో కూర్చున్నారు. సన్యాసిరావు గారు వాళ్లకి స్వయంగా కొబ్బరి నీళ్లు అందిస్తున్నారు. నేను మూల బెంచీ మీద కూర్చున్నాను గానీ కూర్చున్నట్టు లేదు. ఎవరైనా బంతి పైకి వేస్తే చాలు, నా కాళ్లు వాటంతట అవే బిగుసుకుంటున్నాయి.

పైడిరాజు కొత్త మనిషిలా ఆడాడు. ప్రతి గెంతూ ఆలోచించి గెంతుతున్నాడు. దిగేటప్పుడు ఒళ్లంతా కుడివైపుకి వాల్చి, ఎడమ పాదం నేలకి ఊరికే ఆనిస్తున్నాడు. కోచ్ తంగరాజ్ రెండుసార్లు నా వైపు అనుమానంగా చూశాడు. పైడిరాజుకి ఎప్పుడూ దొరికే బంతులు మూడు జారిపోయాయి. మూడోదానికి గ్యాలరీలోంచి "గాజురాజూ, ఇంటికి పోరా" అని వినబడింది. అతను తల తిప్పలేదు. లెక్కపెట్టుకుంటున్నాడని పెదాలు చూస్తే తెలిసిపోతోంది.

కెరటాలు ఎలాగో నాలుగు పాయింట్లతో గట్టెక్కాయి. జలంధర్ వాళ్లు మొహాలు చిట్లించలేదు. మనిషి జాగ్రత్తగా, తెలివిగా ఆడుతున్నాడని సన్యాసిరావు గారితో అన్నారట. గురువారం మధ్యాహ్నం మూడింటికి తమ డాక్టరు ముందు యాభై గెంతుల పరీక్ష పెడతామని, అది నెగ్గితే సంతకాలేనని చెప్పి వెళ్లారు.

నేను మాత్రం ట్యాబులో అంకె రెండుసార్లు చూశాను. ఎడమ కాలి మీద అంత తక్కువ బరువు పడ్డాక అంకె కదలకూడదు. మంగళవారం మూడువందల డెబ్భై ఒకటి. బుధవారం ఆట ముగిసేసరికి రెండువందల తొంభై ఎనిమిది.

*

గురువారం మధ్యాహ్నం కాఫీ ముందు పెట్టుకుని, ఆట రికార్డుని స్పీకర్లో వినిపించే చప్పుడుగా మార్చి వింటున్నాను. నాన్న ఎదురుగా కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆయన ముప్పై ఏళ్లు పోర్టులో క్రేను నడిపాడు. చూపు తగ్గింది, చెవి తగ్గలేదు. పేపరు కూడా చదవడానికంటే నాకు అడ్డుగా పెట్టుకోవడానికే ఎక్కువ వాడతాడు.

స్పీకరు పుటుక్కు, పుటుక్కు అంటోంది.

"ఏ క్రేనుదే అది?" అన్నాడు పేపరు వెనకనుంచి. "ఆ తాడు మార్చేయమని చెప్పు."

"క్రేనుది కాదు నాన్నా. మనిషి మోకాలు."

"మోకాలా?" పేపరు దించాడు. "నాకు చెబుతున్నావా? ముప్పై ఏళ్లు విన్నాను. ఇనుముది కాదులే, నైలాను. ఉప్పు తిని ఎండిపోయిన తాడు. ముడి దగ్గర ఒరుసుకుంటోంది. విను, పుటుక్కు అనేముందు కిర్రుమంటోంది."

విసుగొచ్చింది. మనిషి ఒంట్లో తాడెక్కడిదని అనబోయి, నోరు మూసుకుని మళ్లీ విన్నాను. కిర్రుమంటోంది.

ఆట వీడియో తెరిచి రికార్డు పక్కన పెట్టాను. విరామంలో పైడిరాజు బెంచీ మీద కూర్చున్నాడు. ముందుకి వంగి బూటు లేసు కట్టుకున్నాడు. ఆ పది సెకన్లలో మోకాలు పందొమ్మిదిసార్లు పుటుక్కుమంది. కూర్చున్న మనిషి మోకాలి నరం మీద ఏ బరువూ ఉండదు. చీమంత చప్పుడు కూడా రాకూడదు. ఆ తర్వాత పైడిరాజు అటూ ఇటూ చూసి, తొడుగు అంచు కిందకి వేలు పోనిచ్చి దేన్నో సర్దుకున్నాడు.

చికిత్స గదిలో నేను ఎన్నిసార్లు విన్నా ఆ మోకాలు నిశ్శబ్దంగానే ఉండేది. ఆటలోనే చప్పుడు. ఆటలో బరువు పడుతుంది కాబట్టి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తొడుగు తీసి చూపించు అని ఒక్కరోజూ అడగలేదు.

పైడిరాజుకి ఫోను చేస్తే ఎత్తలేదు. హాలుకి వెళ్తే జలంధర్ డాక్టరు పొద్దున్నుంచీ అతన్ని వదల్లేదని, రక్తమూ గుండే పరీక్షలకి ఏదో ఆస్పత్రికి తీసుకెళ్లాడని చెప్పారు. ఇక అడగగలిగిన మనిషి ఒక్కతే ఉంది. స్కూటరు తీసి ఫిషింగ్ హార్బరుకి పోనిచ్చాను.

*

పైడిరాజు భార్య నూకరత్నం హార్బరు షెడ్డులో వలలు బాగుచేస్తుంది. నేను వెళ్లేసరికి కాలి బొటనవేలికి వల తగిలించుకుని, చేతిలో సూదితో కన్నులు అల్లుతోంది. నన్ను చూసి లేవబోయింది.

"మేడమ్గోరా? ఈయనకేటైనా అయ్యిందా?"

"ఏం కాలేదు రత్నం. ఒక్క మాట అడగడానికి వచ్చాను. రాజు మోకాలికి ఏమైనా కట్టుకుంటాడా? తొడుగు లోపల?"

ఆమె సూది ఆపింది. నా మొహం చూసి, వల చూసి, చివరికి "తిట్టరు కదా," అంది.

"తిట్టను."

"తాడు కడతాన్నేను. వల తాడే, మూడు పేటలు పేనీసి మైనం రాసి కడతాను. మా మావ ఒడ్డుమీంచి అలివి వల లాగీటప్పుడు మణికట్టుకి కట్టుకునీవోడు, నరం పట్టుకోకుండా. ఈయనకి మోకాలు కింద కట్టుంటే నొప్పి తెల్దంట. సేపల ఏట మొదలయ్యీ రోజు పడవకి కొత్త తాడు కడతాం కదా, అలాగ ఈయనకి ఆట మొదలయ్యీ రోజు కడతాను. మళ్లీ ఆకరాట అయ్యీదాకా ఇప్పకూడదు. తానానికీ, మీ డాకటర్లు సూసినప్పుడూ కిందకి జరిపీసుకుంటాడు, అంతే."

"మరి మాకెవరికీ చెప్పలేదేం?"

"సెప్పినాడు. మీకన్న ముందొక డాకటరుండీవోడు. ఇదేటి మూఢనమ్మకం అనీసి అందరి ముందూ కత్తెరతో కోసీసినాడు. ఆ వారంలోనే మొదటి తెగుడు తెగింది. ఆ కాడ్నుంచి మరెవులికీ సూపలేదు."

పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. నాకు కూడా నవ్వొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. పదకొండేళ్లు తాళ్లు విన్నదాన్ని. తాళ్లు వినడానికే పుట్టిన యంత్రాన్ని తెచ్చి మనిషికి అంటించాను. అది ఒక తాడుని పట్టుకుని, తనకి బాగా తెలిసిన పని కాబట్టి, పోగు పోగూ పొల్లుపోకుండా లెక్క చెప్పింది. నాలుగువందల పన్నెండు గెంతులు మిగిలింది ఆ తాడుకి. మోకాలికి కాదు.

"లే రత్నం," అని ఆమె చెయ్యి పట్టుకుని లాగాను. "నీ మొగుడి కాలు గుండ్రాయిలా ఉంది. పద, మనిద్దరం వెళ్లి చెబుదాం."

ఆమెకి లెక్క సంగతి తెలియదు. పైడిరాజు చెప్పలేదు. దారిలో స్కూటరు మీద నేనే అరిచి అరిచి చెప్పాను. మొదట భయపడింది, తర్వాత నవ్వుతూ నా వీపు మీద గుద్దింది. "రెండ్రోజుల కాడ్నుంచి మెట్లెక్కినా కుడికాలే ముందెడతన్నాడు. ఇదేటి కొత్త నడక అంటే, పెళ్లికొడుకు నడక అన్నాడు నాతోని."

రెండు రోజులుగా ఎడమ కాలి బరువు కూడా ఆ కుడికాలే మోస్తోందన్నమాట. సిగ్నల్ దగ్గర ఆగి టైము చూశాను. మూడూ పది. సన్యాసిరావు గారికి ఫోను చేశాను.

"పరీక్ష ఒక్క నిమిషం ఆపించండి. లెక్క తప్పు. రాజు మోకాలు బాగుంది, రెండు కాళ్ల మీదా మామూలుగా గెంతమనండి."

"బాగుందా? ఇంకేం మరి," అని గుసగుసగా అన్నారు. "ఇరవై అయ్యాయి. బ్రహ్మాండంగా గెంతుతున్నాడు. ఇప్పుడు కదపకమ్మా." ఫోను పెట్టేశారు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

*

హాల్లోకి వెళ్లేసరికి బంతి ఒకటి ఎవరూ పట్టించుకోకుండా దొర్లుకుంటూ పోతోంది. పైడిరాజు రింగు కింద చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. జలంధర్ డాక్టరు అతని కాలు రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా వంచుతున్నాడు. కుడి కాలు.

మోకాలు అప్పటికే వాచిపోయింది. అది చూడటానికి యంత్రాలేవీ అక్కర్లేదు. సన్యాసిరావు గారు గోడకి ఆనుకుని చేతిరుమాలు మడతపెడుతున్నారు. విప్పి మళ్లీ మడతపెడుతున్నారు.

పైడిరాజు నన్ను చూసి దగ్గరికి రమ్మని వేలితో సైగ చేశాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని చెవి వంచాను. జలంధర్ డాక్టరుకి తెలుగు రాదని తెలిసి కూడా గొంతు తగ్గించే మాట్లాడాడు.

"ఎడందాన్ని కాపాడీసినాను మేడమ్. నలభై మూడు గెంతినాను, ఒక్కటి కూడా దాని మీద పడనివ్వలేదు. ఎన్ని మిగిలినాయో సూడండి."

నుదుటి మీద చెమట కళ్లలోకి కారుతున్నా, నొప్పికి పళ్లు బిగించి ఉన్నా, ఆ మొహంలో గర్వం ఉంది. అప్పగించిన పని చెయ్యగలిగిన మనిషి గర్వం. దాన్ని చూశాక నాకు అక్కణ్నుంచి పారిపోవాలనిపించింది.

"లెక్కే తప్పు రాజూ," అన్నాను. "నీ ఎడమ మోకాలు బాగానే ఉంది. మొదట్నుంచీ బాగానే ఉంది. నేను విన్నది నీ మోకాల్ని కాదు, దాని మీదున్న తాడుని."

అతను నా వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపులో కోపం వస్తే బాగుండునని ఎదురుచూశాను. రాలేదు. కాసేపటికి పైకప్పు వైపు చూపు తిప్పుకున్నాడు.

"రత్నానికి సెప్పకండి," అన్నాడు. "తాడు తను కట్టింది కదా. తనవల్లే అనుకుంటాది."

రత్నం నా వెనకే నిలబడి ఉంది.

ఆమె వచ్చి అతని పక్కన కూర్చుంది. వాచిన మోకాలు చూసింది గానీ ముట్టుకోలేదు. ఎడమ కాలి తొడుగు కిందికి దించింది. చిప్ప కింద నా అతుకు, దాని మీద నీలం రంగు వల తాడు. చెమటకి నల్లబడి, అంచుల్లో పోగులు లేచి, ముడి దగ్గర సగం తెగి ఉంది.

"రెండో కాలికి కూడా కట్టుంటే బాగుణ్ను," అంది.

"తాడు తప్పేం లేదు రత్నం," అన్నాను. గోడ దగ్గరున్న ఆయనకి కూడా వినబడేట్టు అన్నాను. "తప్పు నాది. కుడికాలి మీద గెంతితే లెక్క తగ్గదని చెప్పింది నేను."

ఆమె నా వైపు తిరిగింది. "మరి మీ మిసను కుడికాలికి పెట్టలేదేటి మేడమ్?"

"అది బాగానే ఉంది కదా అని పెట్టలేదు."

"మేవూ అలాగే అనుకున్నాం," అంది.

ముడి వేళ్లతో విప్పబోయింది. ఉప్పుకి గట్టిపడి అది కదల్లేదు. వలలు అల్లేవాళ్లు తాడుని కత్తెరతో కొయ్యరు. ఆమె వంగి, అతని కాలి మీదే, పళ్లతో పుటుక్కున కొరికేసింది.

నా సంచిలో ట్యాబు మోగింది. మోకాలి నరం పూర్తిగా తెగినప్పుడు మాత్రమే మోగాలని నేను పెట్టిన గంట అది. బయటికి తీసి చూస్తే తెర మీద సున్నా కనిపించింది. గంట ఆపేశాను.

జలంధర్ డాక్టరు తలెత్తి, ఆ చప్పుడేమిటని ఇంగ్లీషులో అడిగాడు. సన్యాసిరావు గారు గోడ దగ్గర్నుంచి గబగబా ఇటు రావడం మొదలుపెట్టారు. ఆయన వచ్చేలోపే నేను డాక్టరుకి చెప్పడం మొదలుపెట్టాను, సోమవారం పొద్దున్న పది గంటల దగ్గర్నుంచి.